మూత పట్టని కుక్కర్లూ, నోరు విప్పని మేమూ

మొన్న శంషాబాద్‌లో మా ఆడపడుచు మనవరాలి పెళ్ళికి వెళ్ళి, ఫంక్షన్ హాల్లో భోజనానికి కూర్చున్నాక గానీ నాకు తెలియలేదు, నా మొదటి ఉద్యోగపు టైపు మిషను ఒకప్పుడు ఇంచుమించు ఆ బల్ల దగ్గరే ఉండేదని. గోడలన్నీ మారిపోయినా వెనకనున్న రాళ్ళగుట్ట అలాగే ఉంది, దాన్ని చూసి గుర్తుపట్టాను. పక్కావిడకి చెప్పబోతే ఆవిడ సాంబారు వైపు తిరిగిపోయింది. మీరైనా వింటారని చెబుతున్నాను.

తొంభైల మొదట్లో డిగ్రీ ముగించి తెనాలి నుంచి వచ్చి, రాజేంద్రనగర్‌లో బాబాయిగారింట్లో ఉంటూ, ఆరాంఘర్ చౌరస్తాలో బస్సెక్కి శంషాబాద్‌లోని ప్రెషర్ కుక్కర్ల ఫ్యాక్టరీకి టైపిస్టుగా వెళ్ళేదాన్ని. ఓ నలభై మందిమి ఉండేవాళ్ళం. యజమానిని అందరం పెద్దసారు అనేవాళ్ళం. మనిషి చెడ్డవాడు కాదు, పండక్కి బట్టలు పెట్టేవారు, ఎవరింట్లో జబ్బు చేసినా తన కారు పంపేవారు. గొంతుతోనే వచ్చింది చిక్కంతా. ఆయన కేకేస్తే బెంగుళూరు రోడ్డు మీద పోయే లారీ డ్రైవరు తననే అనుకుని బండి ఆపేస్తాడని మాలో ఒక మాట ఉండేది. పైగా, తప్పు జరిగిందని ఎవరైనా చెబితే, చేసినవాణ్ణి వదిలేసి చెప్పినవాణ్ణే తిట్టేవారు. అందుచేత మా ఫ్యాక్టరీలో తప్పులే జరిగేవి కావు, అంటే జరిగినట్టు ఎవరూ చెప్పేవారు కారు.

అలాంటి రోజుల్లో పెద్దసారు స్వయంగా వెళ్ళి, తెగ బేరమాడి, మూతలకు వేసే రబ్బర్లు కొత్తచోట కొనుక్కొచ్చారు. అవి పట్టుమని పది వంటలకే బిరుసెక్కిపోయి, ఆవిరి విజిల్లోంచి కాక మూత పక్కనుంచి బుస్సుమనేది. దుకాణదారుల నుంచి ఉత్తరాలు రావడం మొదలైంది. వాటికి జవాబు టైపు చేయడం నా పని. జవాబు ఒక్కటే, కార్బన్ కాయితం పెట్టి కొట్టేదాన్ని: మా కుక్కరులో లోపం లేదు, వాడేవారికి వాడటం చేతకాలేదు, దయచేసి సూచనల పుస్తకం చదివించగలరు. ఇరవై రెండేళ్ళ వయసులో, అన్నం వండటం కూడా సరిగా రాని నేను, రాష్ట్రంలోని ఇల్లాళ్ళందరికీ వంట చేతకాదని రాశాను!

చివరికి సికింద్రాబాద్‌లోని పెద్ద వ్యాపారి ఉత్తరం రాయడం మానేసి, లారీడు కుక్కర్లూ వెనక్కి పంపేశాడు. ఇంకోసారి ఇలాగైతే మీకూ మాకూ చెల్లు అని డ్రైవరు చేత కబురు చెప్పించాడు. సగం మందిని తీసేస్తారని గుసగుసలు బయల్దేరాయి. సరిగ్గా అప్పుడే పెద్దసారుకు పచ్చకామెర్లు వచ్చి మంచమెక్కారు. గుంటూరులో పంతులమ్మగా చేసి రిటైరైన ఆయన అక్కగారు, తమ్ముడికి పథ్యం వండిపెట్టడానికి వచ్చి, పగటిపూట ఫ్యాక్టరీ కూడా చూడసాగారు.

ఆవిడ గదిలో కూర్చోలేదు. కుర్చీ తెప్పించుకుని ప్యాకింగు బల్ల పక్కన వేయించుకుని, ఒక్కొక్కరినీ పిలిచి లోపమేమిటని అడిగారు. శంషాబాద్ మనిషే అయిన మా ఫోర్‌మన్ భాయి మొదలు వాచ్‌మన్ దాకా అందరం అంతా బాగుందనే చెప్పాం. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఇంత బాగున్న ఫ్యాక్టరీని తన సర్వీసులో చూడలేదన్నారు. ఆ సాయంత్రం, తిరిగొచ్చిన కుక్కర్లలోంచి తలా ఒకటి చేతికిచ్చి, వారం రోజులు ఇంట్లో వండించి తెమ్మన్నారు.

మా పిన్ని సంగతి చెప్పనే వద్దు. రెండోరోజుకే కందిపప్పు రాళ్ళలా మిగిలితే, నోరు జారి నేను టైపు చేసే జవాబు గురించి చెప్పాను. పాతికేళ్ళుగా వండుతున్న తనకు చేతకాదా అని పిన్ని నాతో మూడు రోజులు మాట్లాడలేదు. ఆ మూడు రోజులూ మజ్జిగన్నమే.

వారం తిరగకుండానే ఫోర్‌మన్ భాయి భార్య కుక్కరు చంకన పెట్టుకుని తానే వచ్చేసింది. వెనకే భాయి, ఊరుకోమని సైగలు చేస్తూ.

"జర సూడుండ్రి అమ్మా, గిదేం కుక్కరు? పప్పు ఉడకదు, నా పానమే ఉడుకుతది," అంది.

"ఈ సంగతి మీ ఆయనకు తెలియదా?" అని అక్కగారు అడిగారు.

"ఎందుకు తెల్వదు? ఆర్నెల్ల సంది ఇంట్ల రోజూ గా రబ్బర్ల ముచ్చటే. సార్‌కు చెప్పుండ్రి అంటే, నౌకరీ పోతదంటడు!"

భాయి తలుపు వైపు జరిగాడు. అక్కగారు మాత్రం ఫక్కున నవ్వారు. ఆవిడ నవ్వేసరికి మాకెవరికీ నవ్వు ఆగలేదు, నవ్వుతూనే ఒక్కొక్కరం నోరు విప్పాం.

ఆ రాత్రి ఆవిడ అదే కుక్కరులో తమ్ముడికి పథ్యం వండి పెట్టారట. ఉడకని పెసరపప్పు నోట్లో పెట్టుకుని పెద్దసారు, ఇది ఏ వెధవ కంపెనీ కుక్కరని మంచం మీంచే గర్జించారట. ఆవిడ కుక్కరు తెచ్చి, అడుగున మా ఫ్యాక్టరీ ముద్ర కనిపించేలా తిప్పి పట్టుకున్నారట. ఇది మాకు ఆయన చెప్పలేదు, ఆవిడే చెప్పి మురిసిపోయారు.

చిక్కి సగమై తిరిగొచ్చిన రోజున పెద్దసారు భాయిని గదిలోకి పిలిస్తే, మేమంతా అతనికి వీడ్కోలు చెప్పడానికి సిద్ధమయ్యాం. కానీ లోపలినుంచి కేక వినిపించలేదు. మాకెన్నడూ వినపడని మెల్లని గొంతుతో, "ఇంకా ఏమేం చెప్పకుండా దాచారయ్యా?" అన్నారు. భాయి అవన్నీ చెప్పి ముగించేసరికి పొద్దు వాలింది. రబ్బర్లు మార్చారు. కుక్కర్లతో వెళ్ళిన లారీలు ఖాళీగానే తిరిగొచ్చాయి, ఒక్కరి ఉద్యోగం పోలేదు. పెద్దసారు కేకలు మానలేదనుకోండి, కాకపోతే కేకేశాక కాస్త ఆగి, "ఊఁ, ఇప్పుడు చెప్పు" అనడం నేర్చుకున్నారు.

విమానాశ్రయం వస్తుందనేసరికి భూమి ధరకు రెక్కలొచ్చాయి, ఫ్యాక్టరీ అమ్మేశారు. భాయి కుటుంబం మైలార్‌దేవ్‌పల్లి వెళ్ళిపోయింది. నేను ఆ తరువాత ఎన్నో ఆఫీసులు చూశాను. అద్దాల గదులు, చల్లని గాలి, గొంతు పెంచని అధికారులు. ఆ మర్యాదలో నిజం చెప్పడం సులువైందా అంటే, ఏమో, నాకలా అనిపించలేదు. కేకకు భయపడితే కనీసం ఎందుకు భయపడుతున్నామో తెలిసేది. మన తప్పును బల్ల మీద పెట్టుకుని, యజమాని అక్కగారూ పనివాళ్ళూ ఒక్కసారిగా పగలబడి నవ్విన ఆ మధ్యాహ్నం లాంటిది మాత్రం, తరువాతి ముప్పై ఏళ్ళ కొలువులో నాకు మళ్ళీ ఎదురుపడలేదు.