తెడ్డెం పెట్టె

మా అమ్మ దగ్గర కాగితం పని నేర్చుకోవాలంటే ఒక్కటే షరతు. ఆమెకి ఎదురుగా కూర్చోకూడదు. పక్కన కూర్చోవచ్చు, వెనక నిలబడి భుజం మీదుగా తొంగిచూడవచ్చు, చోటు చాలకపోతే మంచమెక్కి చూసినా ఏమీ అనదు. ఎదురుగా ఎవరైనా చతికిలబడితే మాత్రం కత్తెర కింద పెట్టేస్తుంది. ఎందుకని అడిగితే, "ఎదురుగా కూర్చుంటే కాగితం ఎదురు తిరుగుతుంది" అంటుంది. పిల్లలు అదేదో తమాషా అనుకుని నవ్వుతారు. అది తమాషా కాదని ఇంట్లో నాకూ నాన్నకీ తెలుసు.

ఆదివారం మధ్యాహ్నం మా ముందు గదిలో కాలు పెట్టడానికి చోటుండదు. వీధి పిల్లలంతా చాప మీదే. నేను జిరాక్స్ షాపులో పనిచేస్తాను కాబట్టి ఒకవైపు అచ్చు చెడిపోయిన కాగితాలు సంచిలో వేసుకొస్తాను. పాత క్యాలెండర్లు, చెప్పుల డబ్బాలు, మందుల అట్టలు పిల్లలే తెచ్చుకుంటారు. అమ్మ పొద్దున్నే మైదా ఉడికించి జిగురు చేసి పెడుతుంది. నాన్న పేపరు చదవాలంటే అమ్మ కత్తెర కంటే ముందు నిద్ర లేవాలి. ఆలస్యమైతే సగం వార్త కిటికీకి పక్షిగా వేలాడుతూ కనిపిస్తుంది. ఆయన ఏమీ అనడు. ఆయనకి ఓపికెక్కువ, నాకు నోరెక్కువ, మొత్తానికి ఇల్లు నడిచిపోతోంది.

పక్షులు, ముసుగులు, చేతులు పట్టుకుని నిలబడే బొమ్మల వరస, ఊదితే తిరిగే గాలిపంకాలు, అన్నీ నేర్పుతుంది. ఒక్క పెట్టె మాత్రం నేర్పదు. అమ్మకి అన్నిటికంటే బాగా వచ్చింది అదే. మూత మీద నాలుగు రేకులుంటాయి. ఒక్కో రేకూ పక్కదాని కిందికి దూరుతుంది, చివరిది మళ్ళీ మొదటిదాని కిందికి వెళ్ళి బిగుస్తుంది. ఎంత బతిమాలినా చెయ్యదు. "నాకు మర్చిపోయింది" అంటుంది. అబద్ధం.

అమ్మకి పెళ్ళి కాకముందు సంగతి. తాతయ్య మంచం పట్టాడు. ఇల్లు గడవాలి కాబట్టి అమ్మ అట్టపెట్టెల కార్ఖానాలో చేరింది. గడియారాలకీ, సెంటు సీసాలకీ పెట్టెలు చేసే చోటది. పొడుగాటి బల్లలు, అటూ ఇటూ ఆడవాళ్ళు, మధ్యలో జిగురు డబ్బాలు, కిటికీ చువ్వల నిండా అట్ట దుమ్ము. అమ్మ చెయ్యి చురుకు. కొన్నాళ్ళకే మేస్త్రీ ఆమెని కొత్తవాళ్ళ పక్కన నిలబడి పని చూపించడానికి పెట్టాడు.

పిన్ని అమ్మకంటే చిన్నది, అమ్మంటే ప్రాణం. అక్క ఏ రంగు రిబ్బను కడితే తనకీ అదే కావాలి, అక్క కార్ఖానాకెళ్తే తనూ వెళ్ళాలి. సరే నేర్పుతాను రమ్మంది అమ్మ. పని నుంచి రాగానే ఇద్దరూ నేల మీద ఎదురెదురుగా కూర్చునేవాళ్ళు, మధ్యలో అట్టముక్కలు. అమ్మ చేసి చూపించేది, పిన్ని కన్నార్పకుండా చూసి అచ్చం అలాగే చేసేది. అమ్మ చెయ్యి కిటికీ వైపు వెళ్తే పిన్ని చెయ్యీ కిటికీ వైపే వెళ్ళేది. అమ్మ రేకుని తన వైపు మడిస్తే పిన్నీ తన వైపు మడిచేది, అద్దంలో బొమ్మలాగా. అమ్మకి కిటికీ కుడిపక్క. పిన్నికి ఎడంపక్క. ఇద్దరికీ ఆ ఆలోచనే రాలేదు. తెల్ల అట్టతో చేసిన పెట్టె ఎటు తిరిగినా పెట్టెలాగే ఉంటుంది మరి. అమ్మ నొక్కి చూసి, గట్టిగా ఉంది, బాగుంది అనేది. పిన్ని పొంగిపోయేది.

పిన్ని కార్ఖానాలో చేరిన కొన్నాళ్ళకి కొత్త సరుకు వచ్చింది. ఈసారి మూత రేకుల మీద ఎర్రటి పువ్వు అచ్చేసి ఉంది. రేకుల్ని కుడికి తిప్పుతూ దూరిస్తే పువ్వు పూర్తిగా విచ్చుకుంటుంది. ఎడమకి తిప్పితే పువ్వు సగం లోపలికి పోయి ఖాళీ అట్ట పైకొస్తుంది. పిన్నికి ఆ పువ్వు మొత్తం ఎలా ఉండాలో ఎవరూ చూపించలేదు. అక్క చెప్పినట్టు చేసుకుంటూ పోయింది. మధ్యాహ్నానికల్లా ఆమె ముందు గుట్ట పేరుకుపోయింది. అన్నీ జిగురు ఆరిపోయినవే, విప్పడానికి లేదు.

మేస్త్రీ ఒక పెట్టె తీసి చూశాడు, ఇంకోటి తీసి చూశాడు, గుట్టంతా బల్ల మీద నుంచి కిందికి తోసేశాడు. దీనికి పని నేర్పింది ఎవరని అరిచాడు. అందరూ అమ్మ వైపు చూశారు. అప్పుడు అమ్మ లేచి నిలబడి అంది.

"నేను సరిగ్గానే నేర్పానండీ. అది చిన్నప్పట్నుంచీ అంతే, ఎడ్డెమంటే తెడ్డెం."

బల్లలన్నీ గొల్లుమన్నాయి. అప్పటికప్పుడు పిన్నికి పేరు పెట్టేశారు. తెడ్డెం, ఇక పనికి రావద్దు, ఇంటికెళ్ళు అన్నాడు మేస్త్రీ. ఆమె కొంగుకి చేతులు తుడుచుకుని, ఒక్క మాట మాట్లాడకుండా వెళ్ళిపోయింది. ఆ పేరు ఆమెకంటే ముందే వాళ్ళ వీధి చేరింది. పంపు దగ్గర తెడ్డెం, కొట్టు దగ్గర తెడ్డెం. కొన్నాళ్ళకి తనకి నచ్చినవాణ్ణి పెళ్ళి చేసుకుని ఊరి అవతలి కొసకి వెళ్ళిపోయింది. నేను పుట్టకముందు అమ్మమ్మ పోయినప్పుడు వచ్చింది. అమ్మకి అటువైపు నిలబడి ఏడ్చింది, కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. అక్కాచెల్లెళ్ళ మధ్య మాటా మంతీ లేదు.

ఇదంతా నాకెలా తెలుసంటే, నేను స్కూలుకెళ్ళే రోజుల్లో ఒకనాడు పెట్టె నేర్పమని అమ్మ ప్రాణం తీశాను. అప్పటికింకా అమ్మ ఎదురుగా కూర్చోబెట్టే నేర్పేది. నేను చేసి ఇచ్చాను. అమ్మ చూసి, నీకూ మీ పిన్ని బుద్ధులే వచ్చాయంటూ చెయ్యెత్తింది. ఆ చెయ్యి అలాగే ఆగిపోయింది. నా పెట్టె చూసింది, తన పెట్టె చూసింది. లేచి వచ్చి నా పక్కన కూర్చుని ఇంకో అట్ట తీసింది. ఈసారి నాది కుడికి తిరిగింది. అమ్మ రెండు పెట్టెలూ ఒళ్ళో పెట్టుకుని, నా చెల్లెలు నేను చెప్పినట్టే చేసిందే అని ఏడ్చింది. ఆ ఏడుపు చూసి నాకు భయమేసి నాన్న కోసం పరిగెత్తాను.

ఆ రోజు నుంచి ఎదురుగా కూర్చోవడం బంద్, పెట్టె బంద్. అమ్మ అప్పుడే వెళ్ళి ఉండాల్సింది. నేను పెద్దదాన్నయ్యాక ఎన్నోసార్లు పోరాను. వెళ్ళి తప్పు నాదేనని ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయిందని కూడా అన్నాను, నా నోరు అలాంటిది. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను అనేది. పిన్నివాళ్ళు ఇల్లు మారారని ఎవరో చెప్పారు, ఎక్కడికో ఎవరికీ తెలియదు. వెతకనందుకు అమ్మకి అదో సాకు దొరికింది. కానీ ఆ మాట చెప్పకుండానే పోతానేమోనన్న దిగులు మాత్రం ఆమెని తింటూనే ఉంది. ఒంట్లో కాస్త నలతగా ఉంటే చాలు, మీ పిన్ని ఎక్కడుందో అనేది.

మొన్న వేసవిలో మా వీధిలోకి కొత్తగా ఒక కుటుంబం దిగింది. వాళ్ళమ్మాయి ఆదివారం మా ఇంటికొచ్చింది. రంగు పెన్సిళ్ళు ఒక కాగితపు పెట్టెలో పెట్టుకుని తెచ్చుకుంది. మూత మీద నాలుగు రేకులు. అమ్మ జిగురు కలుపుతున్నదల్లా ఆగి, ఆ పెట్టె చేతిలోకి తీసుకుంది. వేలితో రేకుల వెంట ఒక చుట్టు తిప్పింది. వేలు ఎడమకి తిరిగింది.

దీన్నేమంటారమ్మా అని అడిగింది అమ్మ.

"తెడ్డెం పెట్టె అండీ. మా పాతింటి దగ్గర ఒక అత్తయ్యగారు నేర్పారు."

అమ్మ గోడకి చేరగిలబడిపోయింది. పిల్లలు బిత్తరపోయి చూశారు. నేనే అందరికీ తలా ఇన్ని కాగితాలిచ్చి ఇళ్ళకి పంపించాను. ఆ పిల్ల తల్లిని అడిగి ఇల్లెక్కడో గుర్తులన్నీ తెలుసుకున్నాను. వచ్చే ఆదివారం వెళ్దామంది అమ్మ. నేను ఒప్పుకోలేదు. వచ్చే ఆదివారం దాకా ఆగితే నీకు జ్వరమైనా వస్తుంది, వానైనా వస్తుంది, చెప్పులు తొడుక్కో అన్నాను.

బస్సులో అమ్మ దారి పొడవునా పెదవులు కదుపుతూనే ఉంది. ఏం చెప్పాలో కూర్చుకుంటోంది. దిగాక కూడా నా చెయ్యి వదల్లేదు. సైకిల్ షాపు మీద మేడ, ఇనుప మెట్లు, మెట్ల చివర పొడుగాటి వసారా. గుమ్మం దగ్గర నిలబడి చూశాం. నేల మీద పిల్లలు, మధ్యలో నెరిసిన జుట్టుతో ఒకావిడ. అదే ముక్కు, పని చేసేటప్పుడు నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకునే అదే అలవాటు. పిల్లలంతా ఆమెకి అటూ ఇటూ ఒకే వరసలో కూర్చున్నారు. ఆమెకి ఎదురుగా ఒక్కరూ లేరు.

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ కూడా చూసింది.

పిన్ని తలెత్తింది. చేతిలో అట్ట అలాగే ఆగింది. లేవలేదు, రమ్మనలేదు, పొమ్మనలేదు. అమ్మ బస్సులో కూర్చుకున్న మాటలన్నీ ఎక్కడికి పోయాయో ఏమో, నిలబడే అనేసింది.

"నీ తప్పేం లేదే. నేనే ఎదురుగా కూర్చుని నేర్పాను."

"తెలుసక్కా" అంది పిన్ని.

ఆమె మాట నెమ్మదిగా ఉంది, కోపం లేదు. ఆ రోజే, ఆ బల్ల దగ్గరే తెలిసిందట. మేస్త్రీ అరుస్తున్నప్పుడు పక్కన పనిచేసే ఆవిడ చేతులు చూసి, తన చేతులు చూసుకుని, ఎక్కడ తిరగబడిందో ఇట్టే గ్రహించిందట. నేను ఊరుకోలేక, మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు పిన్నీ అన్నాను. నన్ను ఆమె అప్పుడే మొదటిసారి చూసింది. ఎవరని అడగలేదు, పోలికలు చెప్పేసి ఉంటాయి.

"చెబితే మీ అమ్మని పంపించేసేవాడు. అప్పుడు మా నాన్న మందులు ఎవరు తెచ్చేవాళ్ళు?"

అమ్మ గుమ్మంలోనే కూర్చుండిపోయింది. ఇన్నేళ్ళూ ఒక్కసారైనా మా ఇంటికి రాలేదేమే, వచ్చి నాలుగు తిట్టిపోకపోయావా అంది ఏడుస్తూ. పిన్ని చేతిలోని అట్టని మడత పెట్టి మళ్ళీ విప్పింది.

"పని పోయిందని కాదక్కా. నువ్వు ఆ మాట అన్నావని కూడా కాదు. అందరూ నవ్వారు చూడు, నువ్వూ నవ్వావు."

ఈ సంగతి అమ్మ నాకెప్పుడూ చెప్పలేదు. నేను అమ్మ వైపు చూశాను. లేదంటుందేమోనని ఆశపడ్డాను. అనలేదు. తల వంచుకుని కూర్చుంది. నా ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళు ఏడ్చావు కానీ అసలు దాన్ని కడుపులో దాచుకున్నావా అని అక్కడే కడిగేద్దామనుకున్నాను. కానీ ఆమె కొంగుతో మొహం కప్పుకుంది. జీవితంలో మొదటిసారి నోరు మూసుకున్నాను.

చివరికి అమ్మే అడిగింది, మరి ఆ పెట్టెకి ఆ పేరెందుకు పెట్టావని. ఎలాగూ వదలని పేరు, పిల్లల నోట ముద్దుగా వింటే అందులో గుచ్చుకునేది పోతుందని పెట్టానంది పిన్ని. పోయిందా అని అమ్మ అడిగింది. చాలామటుకు పోయిందక్కా అంది పిన్ని.

పిన్ని తన పక్కనున్న పిల్లని కాస్త జరగమంది. ఖాళీ అయిన చోటుని అరచేత్తో తుడిచి, ఇలా వచ్చి కూర్చో అక్కా అంది. అమ్మ లేచి వెళ్ళి పక్కన కూర్చుంది. పిన్ని ఆమె చేతిలో ఒక అట్ట పెట్టి తనొకటి తీసుకుంది. ఇద్దరూ కలిసి మొదలుపెట్టారు. అమ్మ పెట్టె ముట్టుకుని ఎన్నేళ్ళయిందో. అంచులు మడిచింది, రేకులు లేపింది, అంతవరకూ చెల్లెలి వెంటే వెళ్ళింది. రేకులు దూర్చే దగ్గరికొచ్చేసరికి చెల్లెలి చెయ్యి ఎడమకి వెళ్ళింది, అమ్మ చెయ్యి తన అలవాటున కుడికి వెళ్ళిపోయింది. విప్పి మళ్ళీ చేసింది. మళ్ళీ కుడికే.

జరిగి చోటిచ్చిన పిల్ల అమ్మ చేతుల్లోకి వంగి చూసింది.

"మామ్మగారూ, మీకు రావట్లేదు. తిరగేసి చేస్తున్నారు."

పిల్లలందరూ ఒక్కసారి గొల్లున నవ్వారు. పిన్ని నవ్వలేదు.