పార్లమెంటు సెలవుల్లో నీళ్ళు

కంబన్న అయ్యవారు పార్లమెంటు మెంబరు కావడానికి ఆయన గొప్పతనమేమీ కారణం కాదు. కోసిగి దగ్గర మా ఊళ్ళో బొజ్జారెడ్డిది ఒక వర్గం, ఓబుళరెడ్డిది ఇంకో వర్గం. యాభై రెండు ఎన్నికల్లో ఢిల్లీ సీటు తమకు రాకపోయినా ఫరవాలేదు, అవతలివాడికి మాత్రం దక్కకూడదని ఇద్దరూ పంతం పట్టారు. చివరికి ఇద్దరి కొడుకులనూ ఒకే బెత్తంతో బాదిన మనిషిని నిలబెట్టారు. ఊళ్ళో సొంతంగా ఎయిడెడ్ బడి నడుపుకునే కంబన్న అప్పటికి గుంతకల్లు దాటి ఎరుగడు.

గెలిచాడు. ఢిల్లీకి పోతూ మంచినీళ్ళ బావి తెస్తానని మాటిచ్చాడు. ఊళ్ళో ఉన్న రెండు బావులూ రెడ్లవే. ఏ వర్గం ఆడవాళ్ళు ఆ వర్గం బావికే పోవాలి. ఏ వర్గానికీ చెందని కూలిజనం వంక ఇసుకలో చెలమలు తీసి ముంతలతో తోడుకునేవాళ్ళు. హంపమ్మ వాళ్ళలో ఒకతె.

కర్నూలు రాజధాని అయ్యాక అయ్యవారు అక్కడి గుడారాల్లోని ఆఫీసుల చుట్టూ తిరిగి బావి సాధించాడు. ఇద్దరు రెడ్లూ తమ తమ దొడ్లే చూపించారు. ఈయన ఇద్దరికీ నమస్కారం పెట్టి బడి ఆవరణలో తవ్వించాడు. తియ్యటి నీళ్ళు పడ్డాయి. సర్కారు పని ఫలించడం మా ఊరు చూడటం అదే మొదలు.

అయితే, ఆయన లేనప్పుడు పిల్లలకు పాఠాలు చెప్పడానికి ఒక మనిషి కావాలి కదా. చదువుకున్నవాడు ఇంకెవడూ దొరక్క బొజ్జారెడ్డి బామ్మర్దిని పెట్టాడు. అయ్యవారు రైలెక్కగానే వాడు బడి గేటుకు బీగం వేసి, బావగారి మనుషులకే తీసేవాడు. సెలవులకు వచ్చినప్పుడల్లా ఈయన గేటు బార్లా తెరిచేవాడు. దేశం గురించి పెద్దలు ఢిల్లీలో ఎన్నాళ్ళు మాట్లాడితే మా హంపమ్మ అన్నాళ్ళు ఇసుక తవ్వేది. వాణ్ణి తీసెయ్యమంటే, "పాపం, నొచ్చుకుంటాడప్పా" అనేవాడు. ఆ మెతకతనం మీద నాకు ఇప్పటికీ ఒళ్ళు మంటే.

యాభై ఏడులో మళ్ళీ నిలబడ్డాడు. బామ్మర్దిని పెట్టినందుకు ఓబుళరెడ్డికి కోపం, గేటు తెరిచినందుకు బొజ్జారెడ్డికి కోపం. ఇద్దరూ కలిసి కర్నూలు వకీలునొకణ్ణి పోటీకి దించారు. అయ్యవారికి దిగులేమీ లేదు, కూలిజనం ఓట్లు తనవేనని ధీమా. అప్పట్లో పోటీ చేసే ఒక్కొక్కరికీ ఒక్కో ఓట్ల పెట్టె ఉండేది. తీరా లెక్కపెడితే మా ఊళ్ళో ఆయన పెట్టె దాదాపు ఖాళీ. ఘోరంగా ఓడిపోయాడు.

ఆ అవమానంతో కొన్నాళ్ళు గడప దాటలేదు. తర్వాత బామ్మర్దిని పంపించేసి తనే బడి తెరిచాడు. మొదటిరోజే హంపమ్మ కడవతో వచ్చింది. ఆయన ఉండబట్టలేక అడిగేశాడు.

"నువ్వన్నా నాకు ఓటేసినావా హంపమ్మా?"

"లేదు సామీ. మా వాళ్ళమంతా ఒకమాట మీద ఆ వకీలుకే ఏసినాం."

అయ్యవారి ముఖం మాడిపోయింది. "మీకు నేనేం అన్యాయం చేసినాను?"

ఆమె కడవ గట్టున దించి, చేంతాడు అందుకుంది.

"నువ్వు శానా మంచోడివి అయ్యోరా. గెలిస్తే ఢిల్లీకి పోతావు, నువ్వట్లా పోతానే గేటుకు బీగం పడతాది. మాకు నువ్వు ఈడ కావాల."