నవంబరులో తలుపు తీయని ఎదెల్మీరా

ఎదెల్మీరా నవంబరు నెలంతా తలుపు తీయదనీ, ఇంట్లో ఎవరో మగాణ్ణి దాచుకుందనీ మా వల్పరాయిసో ఊరి కొండ మీద ఓ పుకారుంది. తలుపు తీయని మాట నిజమే, మగాడి సంగతి శుద్ధ అబద్ధం. మాది పక్కిల్లు. ఆమె దండెం నేను రోజూ చూస్తాను, మగబట్ట ఒక్కటి ఆరలేదు.

ఆమె కొండ దిగువ సర్కారు ఆసుపత్రిలో టీకాల గది చూస్తుంది. పదకొండేళ్లుగా తాత్కాలికపు మనిషే. ఏటా డిసెంబరు ఆఖరుకి ఒప్పందం అయిపోతుంది. వద్దనుకున్నవాళ్లకి నవంబరు దాటకుండా ఇంటికి రిజిస్టర్డు ఉత్తరం పంపిస్తారు. అది రాకపోతే ఇంకో ఏడాది పని ఉన్నట్టే.

పనిలో ఆమెకి వంక పెట్టినవాళ్లు లేరు. మణికట్టు విరిగిన ఏడు, పిండికట్టు కనబడకుండా పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని ఎడమచేత్తో రాసింది. జలుబుకే సెలవు పెట్టే పర్మినెంటువాళ్లకి పని నేర్పింది కూడా ఈమే.

"ఒక్కరోజు సెలవు పెడితే ఏమైపోతుందే?" అని అడిగానొకసారి.

"నేను లేకపోయినా గది నడుస్తుందని వాళ్లకి తెలిసిపోతుంది, పెద్దమ్మా."

మొన్న నవంబరు ఇరవై తొమ్మిదిన సాయంత్రం మా వంటింట్లో కూర్చుని రొట్టె మీద అవకాడో రాస్తోంది. కుక్క మొరిగింది. పోస్టుమాన్ రెమీహియో మెట్లెక్కి వచ్చి ఆమె తలుపు బాదుతున్నాడు. ఎదెల్మీరా చేతిలో కత్తి జారిపోయింది. యాభై రెండేళ్ల మనిషి, చటుక్కున బల్ల కిందికి దూరి నా గౌను అంచు పట్టుకుంది.

రెమీహియో మా కిటికీ దగ్గరికొచ్చాడు. "దోన్యా ఉబెర్లిందా, పక్కింటావిడ లేదా?"

"నాకేం తెలుసయ్యా? నేనేమన్నా ఆవిడకి కాపలా కుక్కనా?"

"మీకు తెలిసినన్ని సంగతులు ఏ కుక్కకీ తెలియవులెండి. రిజిస్టర్డు ఉత్తరం. సంతకం పెట్టండి."

"పెట్టనుగాక పెట్టను."

"మీ ఇష్టం. పనిలోంచి తీసేసే ఉత్తరమైతే మాత్రం, తీసుకోకపోయినా మూడోనాటికి అందినట్టే లెక్కేస్తారు తల్లీ."

బల్ల కిందనుంచి నా గౌను అంచు ఇంకా గట్టిగా లాగింది. ఉండబట్టలేక కవరు లాక్కుని, పంపినవాళ్లెవరో, ఎందుకో పైన రాసి ఉంటే కళ్లజోడు లేకుండానే కూడబలుక్కుని చదివాను. ఇళ్ల శాఖవాళ్లు. ఆమె పైకప్పు రేకులు చూడ్డానికి వస్తారట! గబగబా సంతకం గీకి అతన్ని పంపేశాను.

"బయటికి రావే. ఆసుపత్రిది కాదు."

"ఇంకా రేపుంది కదా పెద్దమ్మా," అంది బల్ల కిందనుంచే.

ఇక లాభం లేదని నేనూ నేలమీద చతికిలబడి మొహం మీదే అడిగేశాను. "ఇంత బాగా పనిచేస్తావు. మరి ఎందుకే నీకీ భయం?"

కిందపడ్డ కత్తి చేతిలోకి తీసుకుని చెప్పింది.

"పదకొండేళ్లు బాగా పనిచేశాను. పదకొండేళ్లూ తలుపు మూసుకున్నాను. నన్ను కాపాడుతున్నది ఏదో తెలియక రెండూ చేశాను. తలుపు కాదని ఇవాళ రెమీహియో చెప్పాడు. పనేనని మాత్రం ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు పెద్దమ్మా."