కాకిపాదం లేని రాయి

మా ఇంట్లో వజ్రమంటే భయం. ఉదయగిరి కొండ కింద గొర్రెలు మేపుకుని బతికిన కుటుంబం మాది. మా అవ్వ జన్మలో వజ్రాన్ని చేత్తో తాకింది లేదు. అయినా నా నిశ్చితార్థానికి వజ్రపుటుంగరం కొంటానన్నప్పుడు ఆమె ముందు అడిగింది ధర గురించి కాదు.

"కాకిపాదం లేకుండా చూసుకోరా. రాయిలో కాకికాలు మాదిరి గీత ఉంటే తొడిగిన మనిషికి కీడు. మూడు దినాలు ఇంట్లో పెట్టి చూసినాకనే ఉంగరంలో బిగించమను."

రాయిని పసుపు గుడ్డలో కట్టి దేవుడి గూట్లో పెట్టాలి. ఆ మూడు రోజుల్లో ఇంట్లో జ్వరం గానీ, దెబ్బ గానీ, మందలో చావు గానీ లేకపోతే రాయి అచ్చొచ్చినట్టు. ఏదైనా జరిగితే తిరిగి ఇచ్చేయాలి.

అమ్మాయిది ఆత్మకూరు. ఇంట్లోనే మగ్గం పని చేసేది. పెళ్ళి రవికెల మీద జరీ, పూసలు కుట్టడంలో ఆమె చేతికి పేరుంది. సంబంధం కుదిరాక ఫోన్లో నన్ను ఒకటే అడిగింది.

"మీకు ముందే చెప్తన్నా. నాకు గిల్టు నగలు పడవు. కమ్మలు పెట్టుకుంటే చెవులు చీము పట్టినాయి. సాదా బంగారం ఉంగరం చాలు. రాయి కూడా వద్దు, దారం తగులుకుంటాది."

"అట్నేలే," అన్నాను.

ఆత్మకూరులో నేను వెళ్ళిన అంగడి యజమాని నిదానస్తుడు. నల్ల గుడ్డ పరిచి మూడు ఉంగరాలు పెట్టాడు. "ఇరవై రెండు క్యారెట్లయితే మెత్తన నాయనా, రాయిని పట్టి ఉంచదు. పద్దెనిమిదిలో చేయించుకోవాల. పసుపు బంగారం ఉండాది, తెల్ల బంగారం ఉండాది. ఇది ప్లాటినం."

అంతకుముందు ఏడు మా మేనమామ కొడుకు తన నిశ్చితార్థానికి ప్లాటినం తొడిగాడు. ఆ ఫోటో మా చుట్టాల ఫోన్లన్నీ తిరిగింది. నాకు ప్లాటినం అందదు. కానీ దాని పక్కనున్న తెల్ల బంగారం అచ్చం అలాగే మెరుస్తోంది.

"రెండింటికీ తేడా తెలుస్తాదా?"

"చూపుకి తెలీదు. దీనికి పైన పూత ఉంటాది. లోపల బంగారంలో నికెల్ కలిపినారు. పూత అరిగితే అది వంటికి తగులుతాది. గిల్టు నగల్లో ఉండేదీ అదే, కొందరికి పడదు." ఆయన తలెత్తి నన్ను చూశాడు. "అమ్మాయికి ఏమన్నా పడకపోవడం ఉండాదా?"

ఆమె చెప్పిన చెవుల సంగతి నాకు గుర్తొచ్చింది. మరిచిపోయానని చెప్పుకునే వీలు నాకు లేదు.

"అట్లాంటిదేం లేదు," అన్నాను.

ఆ తరువాత గంటసేపు కూర్చుని రాళ్ళు చూశాను. భూతద్దం కింద ఒకదానిలో నల్ల చుక్క, ఒకదానిలో మబ్బులాంటి మరక. నాలుగోది నీళ్ళలా ఉంది. కాకిపాదం లేదు. అంత శ్రద్ధగా నేను దేన్నీ ఎంచుకుని ఎరగను. రాయి మా ఇంట్లో మూడు రోజులు చల్లగా ఉంది. నీరసపడిన గొర్రెపిల్ల ఒకటి లేచి పాలు కూడా తాగింది. అవ్వ మురిసిపోయింది. నేను మళ్ళీ ఆత్మకూరు వెళ్ళి ఆ రాయిని తెల్ల బంగారంలో బిగించమన్నాను.

నిశ్చితార్థంలో అమ్మాయి మేనమామ ఉంగరాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, "ఏందబ్బా, వెండి తెచ్చినావా?" అన్నాడు. అందరూ నవ్వారు.

"వెండి కాదు మామా, ప్లాటినం," అన్నాను.

అమ్మాయి నా వైపు చూసింది. ఆ చూపులో ప్రశ్న ఉంది. "ప్లాటినం ఎవురికైనా పడతాది, భయం లేదు," అన్నాను. ఆమె కుడి చెయ్యి చాచింది. మా అవ్వ ఆ వేలిని నిమిరి, "తాళి పడేదాకా తీయబాకమ్మా. మధ్యలో తీస్తే అపశకునం," అంది.

మూడు వారాలకు మొదటి మెసేజ్ వచ్చింది. ఉంగరం కింద దురదగా ఉందని. కొత్త గదా, సర్దుకుంటుందని రాశాను. తరువాత ఎర్రటి పొక్కుల ఫోటో. తరువాత రసి కారుతున్న ఫోటో. చూసిన ప్రతి ఫోటోనూ వెంటనే చెరిపేసేవాణ్ణి. ఒక మధ్యాహ్నం ఆమే ఫోన్ చేసింది.

"వేలు వాచిపోయింది. సబ్బు రాసినా ఊడిరావడం లేదు. తీయాలన్నా భయంగా ఉండాది, మీ అవ్వ అట్లా చెప్పిందిగదా. సూది పట్టుకోలేకపోతన్నా."

తీసేయమనడానికి ఒక్క మాట చాలు. ఆ మాటంటే ఎందుకని అడుగుతుంది. అడిగితే అంగట్లో ఆడిందీ, నిశ్చితార్థంలో ఆడిందీ, రెండు అబద్ధాలూ బయటపడతాయి. "డాక్టరుకు చూపించు," అని పెట్టేశాను.

ఇక్కడ మా అవ్వ వేరే లెక్క వేసుకుంది. "మనింట్లో చల్లగా ఉన్న రాయి ఆ పిల్ల వేలికి పోయి కాల్చిందంటే, దోషం రాయిది కాదురా." నేను అన్నం తింటున్నాను. తల ఎత్తకుండా తింటూనే ఉన్నాను. ఆ మాట చుట్టాల నోటంట ఆత్మకూరు చేరింది. వాళ్ళమ్మ భయపడి అమ్మాయిని అనుమసముద్రంపేట దర్గాకు తీసుకెళ్ళి మణికట్టుకు దారం కట్టించింది. వేలు మాత్రం నల్లబడుతోంది.

చివరికి ఆసుపత్రిలో, ఉంగరం కోయకపోతే వేలు దక్కదన్నారు. కోయడానికి ఒక కంసాలిని పిలిపించారు. నేను గోడవారగా నిలబడ్డాను. ఉంగరం కండలో దిగబడి ఉంది. ఆయన పళ్ళు బిగబట్టి నెమ్మదిగా కోశాడు. చీము వాసన గదంతా కమ్మింది. రెండు ముక్కలూ తుడిచి, లోపలి వైపు వెలుతురుకు పెట్టి చూశాడు. పూత పోయి పసుపు తేలింది.

"ప్లాటినమని ఎవరు చెప్పినారు? తెల్ల బంగారం ఇది."

అమ్మాయి లోహం గురించి అడగలేదు. "అంగట్లో మిమ్మల్ని అడిగినారా, పిల్లకి ఏమన్నా పడకపోవడం ఉండాదా అని?"

"అడిగినారు."

"అయితే మీ అవ్వకు చెప్పండి. ఆ పొద్దు నిశ్చితార్థానికి వచ్చినోళ్ళందరికీ చెప్పండి, దోషం నాది కాదని. పెళ్ళి సంగతి ఆనక చూద్దాం."

ఇంటికొచ్చి అవ్వకు చెప్పాను. ఆమె వాకిలి తలుపు దగ్గరికి లాగింది. "ఆ మాట ఈ గడప దాటనీబాక. మన పరువు పోతాది," అంది. అవ్వ చెప్పిందనే ఇంకెవరికీ చెప్పకుండా ఆగానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఆమె అలా అంటుందని తెలిసే ముందు ఆమెకొక్కదానికే చెప్పాను. సంబంధం పోయింది. ఉంగరం ముక్కల్నీ రాయినీ వాళ్ళు తిరిగి పంపేశారు. పుండు మానింది కానీ వేలు పూర్తిగా వంగదని, సూది వేరే రకంగా పట్టుకుని కుడుతోందని తెలిసింది.

పోయిన నెల జలదంకి వైపు నుంచి ఇద్దరు మనుషులు బైకు మీద మా ఇంటికొచ్చారు. వాళ్ళ ఇంటి అబ్బాయికి ఆ అమ్మాయిని చూస్తున్నారట. పెద్దాయన మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టాడు. "ఆ పిల్లకు వజ్రం పడలేదంట, చెయ్యి కుళ్ళిందంట. జాతకం మంచిది కాదంటన్నారు. నిజమేనా అబ్బాయా?"

మంచం మీద అవ్వ చేతిలోని తమలపాకు అలాగే ఆగిపోయింది. నేను లోపలికి వెళ్ళి రేకు డబ్బా తెచ్చి, ఉంగరం ముక్కలు, రాయి ఆయన చేతిలో పెట్టాను. ఫోన్లో ఆమె అడిగిన దగ్గర నుంచి ఆసుపత్రి దాకా అంతా చెప్పాను. ఏదీ దాచలేదు.

ఆయన ముక్కల్ని చూడలేదు. రాయిని ఎండకు పెట్టి తిప్పాడు. "దీంట్లో కాకిపాదం లేదుగదా?"

"లేదు. తప్పు రాయిది కాదు, ఆ పిల్లదీ కాదు. నాది."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"భయపడినాను."

ఆయన తల ఊపి లేచాడు. బైకు దగ్గరకు వెళ్ళాక రెండో ఆయనతో గొంతు తగ్గించి అన్న మాట నాకు వినిపించింది.

"ఆ పిల్ల మీద జాలిపడి నెత్తినేసుకుంటన్నాడు. నిజమైతే అప్పుడే చెప్పేవాడు గదా."

నేను వాకిట్లోకి పరుగెత్తేసరికి బండి మలుపు తిరిగింది.