తాళిబొట్టుతో పైకి లేచిన పెద్దమ్మ

ఒక పెళ్ళి ముహూర్తాన్ని నా చేతులతో గాల్లో నిలబెట్టిన సంగతి చెబుతాను. గాల్లో అంటే మాట వరసకు కాదు, నేల నుంచి ఆరడుగుల పైన.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు. నాకు ఇరవై రెండేళ్ళు, రేణిగుంటలో మోటారు షెడ్డులో పని. మా మేస్త్రి మద్రాసు నుంచి కార్లను ఎత్తే యంత్రం తెప్పించినాడు. దానికొక వాల్వు, వాల్వుకొక పిడి. పిడి ముందుకు తోస్తే నూనె నేలలోని లావు గొట్టంలోకి పోయి బండి లేస్తుంది. వెనక్కి లాగితే నూనె తొట్టిలోకి తిరిగొచ్చి బండి దిగుతుంది. నడుమ పెడితే రెండు దారులూ మూసుకుని బండి ఉన్నచోటే నిలుస్తుంది. అంతే విద్య. దాన్ని నేను వచ్చినోళ్ళందరికీ ఎంతసేపు వివరించేవాణ్ణంటే, కొందరు రిపేరు వద్దని వెళ్ళిపోయేవాళ్ళు.

ఒకరోజు పొద్దున మేస్త్రి సామాన్లకని తిరుపతికి పోయినాడు. అప్పుడొక కారు సైలెన్సరు రోడ్డు మీద ఈడ్చుకుంటా వచ్చింది. వెనక సీట్లో ఒక ముసలామె, ఒళ్ళో ఇత్తడి డబ్బా.

"వడమాలపేటలో పెళ్ళప్పా. పదకొండుకు ముహూర్తం. తాళి పెద్దమ్మ దగ్గరుండాది. బిరీన కట్టు," అన్నాడు డ్రైవరు.

"పెద్దమ్మా, దిగండి."

"మోకాళ్ళు పట్టేసినాయి నాయనా. నేనిట్లే కూసుంటా, నువ్వు పని సూసుకో."

మనుషులతో బండి ఎత్తకూడదని మేస్త్రి చెప్పినాడు. అయినా ఎత్తినాను. సైలెన్సరు కట్టినాను. అక్కడితో దించేసి ఉంటే ఈ కథే లేదు. వాల్వు దగ్గర ఒక్క బొట్టు నూనె కారుతా కనబడింది. పిడి ఊడదీసి, నట్టు బిగించి, మళ్ళీ తగిలించినాను. ఆ పిడి నడుమ ఒక ఇరుసు మీద ఊగుతుంది; ఇరుసుకు పైనొక రంధ్రం, కిందొక రంధ్రం. వాల్వుకు పోయే కడ్డీ పైదాంట్లో ఉండాల. నేను కిందిదాంట్లో పెట్టినాను. ఇరుసుకు అవతల పట్టుకుంటే పని తలకిందులవుతుందని ఏతం తొక్కే మనిషికైనా తెలుసు. నాకే తోచలేదు.

దించుదామని పిడి వెనక్కి లాగినాను.

"అబ్బాయా, నేను పైకి పోతాండాను," అనింది పెద్దమ్మ.

"లేదు పెద్దమ్మా, దిగుతాండారు."

"రేకులు దగ్గరికి వస్తాండాయే."

ఇంకా గట్టిగా లాగినాను. కారు నెత్తి పైకప్పు రేకులకు ధన్‌మని తగిలింది. భయపడి పిడి నడుమకు తెచ్చినాను. బండి ఆడనే నిలిచింది.

"ముందుకు తోసి సూడరాదా?"

"తోస్తే ఇంకా పైకి పోతారు పెద్దమ్మా. లోపల దారులు అట్లుంటాయి," అని తల పైకెత్తి, నూనె యాడ పోతుందో, యాడ వస్తుందో పావుగంట వివరించినాను. ఆమె కిటికీలోంచి ఓపిగ్గా వినింది.

డ్రైవరు చెమట తుడుచుకున్నాడు. "పది దాటింది. ఆ డబ్బా ఇట్లా ఇయ్యి పెద్దమ్మా, బస్సులో తీసకపోతా."

"నీకియ్యను. దారిలో కల్లంగడి ఉండాది."

అవతల పెళ్ళికొడుకు పీటల మీద కూర్చునుంటాడు. ఇవతల నా ఉద్యోగం ఊడుతుంది. ఇంతలో మేస్త్రి జట్కా దిగినాడు. పైన ఉన్న పెద్దమ్మకు దండం పెట్టినాడు.

"ఏం చేసినావురా?"

"వాల్వు చెడిపోయిందన్నా."

ఆయన వంగి కడ్డీ చూసినాడు. రెండు వేళ్ళతో పిడి ముందుకు తోసినాడు. కారు నీళ్ళలోకి దిగే ఎనుము మాదిరి నిదానంగా కిందికొచ్చింది. పెద్దమ్మ నన్నొక చూపు చూసింది. దుమ్ము లేపుకుంటా బండి వెళ్ళిపోయింది.

మధ్యాన్నం నాకు అన్నం సయించలేదు. సాయంత్రం డ్రైవరు ఆకులో బూరెలు కట్టుకొచ్చినాడు.

"తాళి కట్టేసినారప్పా. రెండు నిమిషాలుండంగా చేరినాం."

"పెద్దమ్మ ఏమన్నా అనిందా?"

"నీ గురించి మీ మేస్త్రికి ఒక మాట సెప్పమనింది. 'పిల్లోడు పాఠం బాగా సెప్తాడు, యాడన్నా బడిలో సేర్పించు. రెంచి మాత్రం సేతికియ్యొద్దు' అనింది."

మేస్త్రి అక్కడే ఉన్నాడు. ఆయన ఎదుటనే, నోట్లో బూరె ఉండగానే, నేను ప్రమాణం చేసినాను. ఇక ఈ జన్మలో, గాల్లో ఉండే మనిషి "పైకి పోతాండాను" అంటే, నేను నేర్చిన విద్య ఏమి చెప్పినా సరే, ఆ మనిషి మాటే నమ్ముతాను.