బొబ్బిలి స్కానింగ్ సెంటర్లో నీలం దీపం

2023. శ్రీకాకుళంలో నా దుకాణం. ఆఫ్-లీజ్ సర్వర్లు అమ్ముతాను. అంటే పెద్ద కంపెనీలు మూడు నాలుగేళ్లు అద్దెకు వాడుకుని తిరిగిచ్చేసిన యంత్రాలు. చవగ్గా వస్తాయి, ఎవరికెంత మెమరీ, ఎన్ని డిస్కులు కావాలంటే అన్ని వేసిస్తాను. నేను ఏ కాలేజీకీ పోలేదు. విప్పి, బిగించి, కాల్చుకుని నేర్చుకున్నాను. డిగ్రీలున్న దళారులు 'పాత డేటా అంతా తుడిచేశాం' అని స్టిక్కరంటించి పంపితే నమ్మినందుకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

బొబ్బిలిలో స్కానింగ్ సెంటర్ నడిపే రవణమ్మకి ఒకటి అమర్చాను. చుట్టుపక్కల గర్భిణుల స్కానింగులన్నీ పాత కంప్యూటర్లోంచి అందులోకి మార్చాలి. పదిన్నరకి ముహూర్తం. పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఆమే బటన్ నొక్కింది. నెట్ కేబుల్ తగిలించాను. కాసేపటికి సర్వర్ ముందు నీలం దీపం మిణుకుమంది.

"మావా, అదేటి? ముద్దుగా ఎలుగుతన్నాది," అంది రవణమ్మ.

వరసల కొద్దీ ఉన్న సర్వర్లలో ఏది చూడాలో అక్కడున్నవాళ్లకి తెలియడానికి దూరాన కూర్చున్నవాడు వెలిగించే దీపమది. బటన్ నొక్కి ఆపేశాను. ఫ్యాన్లు ఆగాయి, దీపం ఆరలేదు. రెండు నిమిషాలకి ఫ్యాన్లు వాటంతటవే గుర్రుమన్నాయి.

"ఓలమ్మా! నువ్వు గానీ నొక్కినావేటి?" అంది రవణమ్మ.

"నాను ముట్టుకోనేదు."

అప్పుడు తట్టింది. డిస్కులు నేనే మరోసారి తుడిచాను. కానీ బోర్డు మీద మేనేజ్‌మెంట్ కార్డు అని వేరే చిన్న కంప్యూటర్ ఉంటుంది. సర్వర్ ఆపినా అది నిద్రపోదు. దాని ద్వారా ఎక్కడినుంచైనా యంత్రాన్ని లేపొచ్చు, తెర చూడొచ్చు. దాన్ని నేను తెరవనే లేదు. లాప్‌టాప్ పెట్టి చూస్తే, పాత కంపెనీ మనిషి పేరుతో ఎవరో లాగినై లోపలే ఉన్నారు.

"వైర్లు పీకేయాల."

"ముహూర్తానికి ఎలిగింది పొద్దుగూకేదాకా ఆర్పకూడదంటాది మా అత్త. ఇందాక నువ్వాపితేనే గుండె జల్లుమన్నాది."

"ఎవుడో సూస్తన్నాడు రవణమ్మా! నిన్ను నమ్మి వచ్చిన ఆడోళ్ల కడుపులు ఆడికి సూపిస్తావేటి?"

రవణమ్మ కుంకం చేత్తోనే కరెంటు వైరూ, నెట్ కేబులూ రెండూ పీకేసింది. నీలం దీపం మరో రెండుసార్లు మిణుకుమని ఆరింది.

దళారికి ఫోన్ చేసి తిట్టాను. "ఆ కంపెనీ మూతపడి ఏడాదైందండీ. అక్కడెవరూ లేరు," అన్నాడు.

లోపలున్నది ఎవరో నాకు ఈరోజుకీ తెలీదు. ఇప్పుడు ఏ సర్వరొచ్చినా డిస్కులకంటే ముందు ఆ కార్డు తెరిచి, అందులో పేర్లన్నీ కొనేవాళ్ల ఎదుటే చెరిపేస్తాను. ఆలస్యమైపోతోందని విసుక్కుంటే ఒకటే చెప్తాను.

"కూకోండి బాబూ. లోపల ఇంకొకడున్నాడు."