సింహగూబ మూసిన కన్ను

దేవుడు చేసిన జంతువు ఒక్కటీ మా బాబాయికి నచ్చేది కాదు. పిల్లల వారపత్రికకి కథలు రాసేవాడు. కంటపడిన ప్రతి ప్రాణికీ ఇంకోదాని తోకో కాళ్లో తగిలిస్తే గానీ ఆయనకి ముద్ద దిగేది కాదు. కిటికీలో పిల్లి కూర్చుంటే చాలు.

"దీనికి తాబేలు డిప్ప ఉంటే వానకి తడవదు కదే" అనేవాడు.

"ముందు మనింటి కప్పు కారకుండా చూడండి" అనేది పిన్ని.

పత్రికలో బొమ్మలేసే ఆయన కష్టాలు పగవాడికి కూడా వద్దు. ఓసారి బాబాయి ఒంటెకప్పని పుట్టించాడు. అది మూపురం నిండా నీళ్లు నింపుకుని అందులోనే ఈదుతుందట.

"తన మూపురంలోకి తనే ఎలా దూకుతుందండీ?" అన్నాడాయన నెత్తి పట్టుకుని.

"అది దాని తిప్పలు. మీరు గీయండి."

సంపాదకుడు ఏం మార్చమన్నా మాత్రం బాబాయి కిక్కురుమనేవాడు కాదు. కొమ్ములు వద్దంటే పీకేసేవాడు, రెక్కలు వద్దంటే కత్తిరించేసేవాడు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు ఎడమ కంటికి చూపు మందగించింది. బాగున్న కంటికి ఆర్నెల్లు పట్టీ వేస్తేనే రెండోది దారికొస్తుందని, లేకపోతే ఆ చూపు పోయినట్టేనని డాక్టరు చెప్పాడు. బడిలో అంతా ఒంటికన్ను అని ఏడిపించేవాళ్లు. అందుకే వీధి మలుపు తిరగ్గానే పట్టీ పీకి సంచిలో పడేసేదాన్ని. ఒకరోజు బాబాయికి దొరికిపోయాను. తిడతాడనుకుంటే, పట్టీ వంక అదోలా చూసి, "దీనికి సింహం జూలు ఉంటే ఎలా ఉంటుందే?" అన్నాడు. నా ఏడుపు కంటే ఈయనకి జంతువుల గోలే ఎక్కువైందని ఒళ్లు మండిపోయింది.

వారం తిరిగేసరికి సింహగూబ తయారైంది. సింహం ఒళ్లు, గుడ్లగూబ మొహం, ఒక కంటికి పట్టీ. తెరిచిన కంటితో దారి చూస్తుంది, మూసిన కంటితో ఎదుటివాళ్ల అబద్ధం పట్టేస్తుంది. కథ ఇవ్వడానికి వెళ్తూ నన్నూ వెంటబెట్టుకెళ్లాడు.

"పట్టీ తీసేద్దామండీ, పిల్లలు జడుసుకుంటారు" అన్నాడు సంపాదకుడు.

"జూలు తీసేయండి, తోక తీసేయండి, కావాలంటే నా పేరూ తీసేయండి. పట్టీ మాత్రం ఉండాలి."

బాబాయి గొంతు పెంచగా వినడం అదే మొదటిసారి. సంపాదకుడు పట్టీతో నిలబడ్డ నన్ను చూశాడు, కథ ఉన్నదున్నట్టు తీసుకున్నాడు. ఈ గోలంతా ఎవరికోసమో నాకప్పుడు తెలిసింది.

పత్రిక వచ్చిన మర్నాడు పట్టీతోనే బడికెళ్లాను. అందరికంటే ఎక్కువ ఏడిపించే పిల్ల మెల్లిగా నా పక్కకి జరిగింది.

"మా తమ్ముడు నా రంగు పెన్సిలు తీయలేదంటున్నాడు. కాస్త చూసి చెప్తావా?"

మధ్యాహ్నానికి నా బెంచీ ముందు వరస కట్టారు.

ఆర్నెల్లకి డాక్టరు, చూపు పూర్తిగా వచ్చేసింది, ఇక పట్టీ అక్కర్లేదన్నాడు. ఇవాళ రెండు కళ్లతో ఇది రాస్తున్నానంటే బాబాయి చలవే, ఆ మేలు ఈ జన్మకి మర్చిపోను. ఆ రోజు మాత్రం డాక్టరు చెయ్యి పట్టుకుని, ఇంకో నెల ఉంచమని ఒకటే ఏడుపు. మర్నాడు బడిలో నేను తేల్చాల్సిన తగువులు మూడున్నాయి మరి.